చీర గార్డు విప్పిన బండి

ముందే చెబుతున్నాను, ఈ సంగతి నిమ్మళంగా చెప్పడం నాకు చేతకాదు. ఇన్నేళ్ళ తరవాత కూడా తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పాత విషయాలు పోనిద్దురూ అంటారు విన్నవాళ్ళు. పోయేవైతే ఎప్పుడో పోయేవి. ఆ బండికి వాడిన పానాలు ఇప్పటికీ నా బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి.

నాన్నగారు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. కోనసీమ కాలవల మీద ఎక్కడ గండి పడినా, ఏ లాకు తలుపు ఇరుక్కున్నా ఆయన అక్కడుండాలి. గట్లమీద తిరగడానికి కొన్న టూ-స్ట్రోక్ మోటారుసైకిలది. వీధి మొదట్లో దాని చప్పుడు వినబడగానే అమ్మ కాఫీకి నీళ్ళు పడేసేది. ఆదివారాలు ఆయన సావిడిలో, అంటే మా గొడ్ల కొట్టంలో, బండి విప్పుకుని కూర్చునేవారు. నేను పక్కన పీటేసుకుని అడిగిన పానా అందించేదాన్ని. అన్నయ్యకి చేతులకి గ్రీజంటితే గిట్టేది కాదు. అందుకని వాడు వీధరుగు మీద కూర్చుని రేడియోలో క్రికెట్ వినేవాడు. హైస్కూల్లో చేరేనాటికే నాకు ప్లగ్గు విప్పి చూసి ఇంజను ఒంట్లో బాగుందో లేదో చెప్పడం వచ్చు.

నేను డిగ్రీ చదువుతుండగా నాన్నగారు పోయారు. కర్మలు అయిన మర్నాడే అన్నయ్య ఆ బండిని పాత ఇనప సామాన్లవాడికి వేసేయమన్నాడు, చోటు దండగన్నాడు. అమ్మ మాత్రం బండిని సావిడి మూలకి తోయించి మీద తాటాకు చాపలు కప్పింది. అన్నయ్య కాకినాడ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఏటేటా తద్దినానికి రావడం, పిండాలు పెట్టడం, మర్నాడు పొద్దున్న బస్సెక్కడం. సావిడి వైపు తొంగిచూసిన పాపాన పోలేదు.

తరవాత నాకు టీచరుద్యోగం వచ్చింది. ఎక్కడ వేశారు? గోదావరి మధ్య లంకలో. ఒకే టీచరున్న బడి. మా ఇంటినించి ఏటిగట్టు మీద ఆరేడు మైళ్ళు వెళ్ళాలి. అక్కణ్ణించి ఇసకలో రేవు దాకా నడవాలి. రెండు పడవలు జోడించి మీద బల్లలు పరిచిన పంటెక్కి అవతలికి దాటాలి. దాటాక పొలాల మధ్య బురద బాట. బస్సు లేదు. నాకున్నది సైకిలు. వాన పడితే ఏటిగట్టు మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య దూరి, పిడచ కట్టి, చక్రాన్ని పట్టేస్తుంది. పుల్ల పెట్టి గోకాలి, నాలుగడుగులు నడవాలి, మళ్ళీ గోకాలి. ఆ ఏడాది వానాకాలంలో నేను సైకిలెక్కిన రోజులకన్నా సైకిలు నన్నెక్కిన రోజులే ఎక్కువ.

పంటు ఒకటి తప్పిపోతే ఇంకోటి గంటకి గాని లేదు. నేను బురదలో సైకిలు మోస్తున్న రోజే చూసుకుని మండల విద్యాధికారి తనిఖీకి వచ్చారు. బడికి తాళం. మెమో ఇచ్చారు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు, మళ్ళీ తాళం, మళ్ళీ మెమో. మూడోసారైతే సస్పెన్షనే అన్నారు. నాకు ముందు ఆ బడిలో ఉన్నాయన వారానికి రెండుసార్లు ముఖం చూపించి పూర్తి జీతం తీసుకున్నాడు. ఆయన తాళం ఎవరికీ కనబడలేదు. నా తాళం మాత్రం జిల్లా అంతటికీ కనబడింది.

ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి అన్నయ్యతో చెప్పుకుంటే, మానేసి వచ్చేయమన్నాడు. ఇల్లమ్మేద్దాం, ఇద్దరూ కాకినాడ వచ్చి నా దగ్గరుండండి, ఈలోగా నీకు సంబంధం చూస్తానన్నాడు. అన్నయ్యది మేడమీద అద్దె వాటా. మాకు ఇస్తానన్నది వంటింటి పక్కన బియ్యం బస్తాలు పెట్టుకునే గది. అమ్మ అంతకుముందోసారి అక్కడ పదిరోజులుండి వచ్చింది. ఎలా ఉందమ్మా అంటే, బాగానే చూసుకున్నాడు అంది. అని పెరట్లోకి పోయి ఒక్కో మొక్క దగ్గరా ఆగి ఆకులు తడుముకుంటూ చీకటి పడేదాకా లోపలికి రాలేదు. కాబట్టి విషయం ఇది. నేను వేళకి బడికి చేరానా, మా ఇల్లు మాకుంటుంది, మా అమ్మ తన వంటింట్లో తనుంటుంది. చేరలేదా, ఇద్దరం బియ్యం బస్తాల పక్కన.

రెండో మెమో అందుకున్న సాయంత్రం, కాళ్ళకి బురద కడుక్కోకుండానే సావిడిలోకి పోయి తాటాకు చాపలు లాగిపారేశాను.

బండి ఎలా ఉందంటే ఏం చెప్పను. సీటులో ఎలకలు కాపురం పెట్టాయి. టాంకు నిండా తుప్పు. వైర్లన్నీ కొరికేశాయి. కార్బురేటరు గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. అమ్మ వెనకాల నిలబడి, ఆ గూడు చెరపకే, కందిరీగ గూడు కడితే ఇంట్లో పురుడొస్తుందంటారు అంది. ఈ ఇంట్లో పురుడెవరికమ్మా, నీకా నాకా, అని స్క్రూడ్రైవరు పెట్టి పొడిచేశాను. అమ్మకి నవ్వొచ్చింది. ఆపుకోడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంజను పట్టేసింది. కిక్ రాడ్ మీద నిలబడినా కదల్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి కిరసనాయిలు పోసి వదిలేశాను. రోజూ బడినించి రాగానే గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపేదాన్ని. దానిమీద నాకున్న కోపమంతా, విద్యాధికారి మీదా, అన్నయ్య మీదా, ఆ ఏటిగట్టు మీదా ఉన్న కోపమంతా, ఆ చక్రం మీద చూపించాను. ఓ సాయంత్రం లోపల కిర్రుమని చిన్న చప్పుడైంది. చక్రం నలుసంత కదిలింది. నేను అక్కడే పేడనేల మీద కూలబడి ఏడ్చేశాను. కోపం వచ్చినా ఏడుపే, సంతోషం వచ్చినా ఏడుపే, నా ఖర్మ.

ఉయ్యాల బల్ల దింపి సావిడిలో రెండు రాళ్ళమీద పెడితే అదే నా పని బల్ల. దూలానికి నూతి గిలక కట్టి, చేంతాడుతో ఇంజను ఎత్తాను. తాడు అమ్మ పట్టుకుంది. టాంకులో గుప్పెడు గులకరాళ్ళూ కిరసనాయిలూ పోసి, చంటిపిల్లని ఊపినట్టు ఊపితే ఎర్రటి నీళ్ళు వచ్చాయి. రేకుల మీద తుప్పు కొబ్బరి పీచుతో తోమాను. కిందపడిన పొడినంతా ఊడ్చి ఓ గోనెసంచీలో ఎత్తి మూలన పెట్టాను. సిలిండరు పట్టుకుని రాజమండ్రి పోయి లేతు షాపులో బోరు కొట్టించాను, దానికి సరిపడా కొత్త పిస్టను వేయించాను. ఆ షాపతను పని చేస్తున్నంతసేపూ, మీవారు రాలేదేంటండి అని అడుగుతూనే ఉన్నాడు. లేరండి అంటే జాలిగా చూశాడు. పెళ్ళే కాలేదండి అంటే ఇంకా జాలిగా చూశాడు.

అదేరోజు స్టేషను దగ్గర పాత పుస్తకాలవాడి గుట్టలో ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. అట్టమీద బురదలోంచి గాల్లోకి లేస్తున్న బండి. కింద డర్ట్ బైక్ అని రాసుంది. ఆ మాట వినడం అదే మొదలు. నేను బస్సులో కూర్చుని ఆ బొమ్మని చూస్తూనే ఉన్నాను. ముందు మడ్‌గార్డు చక్రాన్ని అంటిపెట్టుకుని లేదు. జానెడు పైన, హెడ్‌లైటు కింద, గొడుగులా నిలబడి ఉంది. మట్టి ఎంత లేచినా ఇరుక్కోడానికి సందే లేదు. సైలెన్సరు సీటు పక్కకి ఎత్తి కట్టారు, నీళ్ళలో దిగినా ఆరిపోదు. ఎక్కడో ఏ దేశంలోనో ఆ బండి చేసినవాడికి మా ఏటిగట్టు మట్టి సంగతి తెలిసింది. నాకు మెమో ఇచ్చినాయనకి తెలియలేదు.

దాంతో బాగుచేయడం మానేసి మార్చడం మొదలుపెట్టాను. ముందు మడ్‌గార్డు విప్పి పైకెత్తి బిగించాను. వెనకది సగానికి కోశాను. వెనక పళ్ళచక్రం పెద్దది వేస్తే వేగం తగ్గినా లాగుడు పెరుగుతుందని నాన్నగారు అనేవారు, అలాగే వేయించాను. లోతు గాట్ల టైర్లు వెతికి వెతికి తెచ్చాను. గాలి పీల్చే గొట్టాన్ని టాంకు కిందకి ఎక్కించాను. సైలెన్సరు వంచి పైకి తిప్పడానికి మా సెంటర్లో వెల్డింగు షాపుకి తీసుకెళ్తే, ఆయన మా నాన్నగారిని ఎరిగినవాడే, "మీ అన్నయ్యగారిని ఒకసారి పంపండమ్మా, ఆయనతో మాట్లాడి చేస్తాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అన్నయ్యకి సైలెన్సరెక్కడుంటుందో తెలుసేమో మీరే ఫోను చేసి కనుక్కోండి అన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన ముఖం ముడుచుకునే చేశాడు గానీ శుభ్రంగా చేశాడు. కాలు కాలకుండా దానిమీద పాలపొడి డబ్బా రేకు కోసి చుట్టాను.

చివరికి మిగిలింది చీర గార్డు. మన దేశంలో బండి వెనక చక్రం పక్కన ఇనప చువ్వల చట్రం ఒకటి ఉంటుంది కదా, ఒక పక్కకి కూర్చున్న ఆడదాని చీర చక్రంలో పడకుండా, అది. నాన్నగారి వెనక అమ్మ కూర్చునేటప్పుడు పనికొచ్చింది. ఇప్పుడు దాన్నిండా మట్టి పట్టడం తప్ప ప్రయోజనం లేదు. నాలుగు నట్లు. నాలుగూ తుప్పుపట్టి బిగుసుకున్నాయి. పానా జారి వేళ్ళు చీరుకుపోయినా విడిచిపెట్టలేదు. ఊడదీసి సావిడి గోడకి కొయ్యకి తగిలించాను. నిజం చెప్పొద్దూ, ఇంజను స్టార్టయిన రోజు కన్నా ఆ రోజు బాగా నిద్రపట్టింది.

ఇంజను స్టార్టయిన రోజు ఇంకో గొడవ. బండికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి గదా. అమ్మా, రా, నువ్వే పెట్టు అన్నాను. అమ్మ గుమ్మం దాటి రాలేదు. నేను పెట్టకూడదే అంది. నాన్నగారు పోయిన్నాటినించీ అమ్మ కుంకుమ భరిణె ముట్టుకోలేదు. ఇంటికొచ్చిన పేరంటాళ్ళకి బొట్టు పెట్టాలన్నా నన్నే పిలిచేది. గిలకతాడు పట్టి ఇంజను ఎత్తిన చేతులు. చేతులు కందిపోయి బొబ్బలెక్కితే నాకు కనబడకుండా కొబ్బరినూనె రాసుకుంది. ఆ చేతులు బొట్టు పెట్టకూడదట. అయితే ఈ బండికి బొట్టే వద్దు అన్నాను. నిమ్మకాయలు తీసుకెళ్ళి పులిహోరకి పిండేశాను.

మా మేనత్త వచ్చినప్పుడు ఇదంతా చూసి నోరు నొక్కుకుంది. నాన్నగారి చెల్లెలు, పక్క ఊళ్ళోనే ఇచ్చారు. ఆవిడ పెళ్ళిలో తాతగారు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన కొబ్బరితోట మా తోటని ఆనుకునే ఉంది. మా వైపు తెలియనివాళ్ళెవరున్నారు, ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఇచ్చింది అన్నదమ్ములు ముట్టుకోరు. ముడితే అరగదంటారు. నాన్నగారైతే ఆ తోటలోంచి గాలికి మా వైపు దొర్లిన కాయ కూడా తీసుకెళ్ళి ఆవిడ చెట్టు మొదట్లో పెట్టి వచ్చేవారు. అంత నియమం. ఆ అత్తయ్య బండి చుట్టూ తిరిగి, బొట్టు లేని బండి, మగరాయుడి సవారీ, ఏమిటొదినా ఈ చోద్యం అంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకో అన్నాను నేను, వినబడేలాగే.

ఆ బండి మీద బడికి వెళ్ళిన మొదటి వాన రోజు చెప్పకుండా ఉండలేను. పంజాబీ డ్రెస్ వేసుకుని, చీర సంచీలో పెట్టుకుని బయల్దేరాను. గట్టు మీద బురద అలాగే లేచింది. లేచి, పైనున్న మడ్‌గార్డుకి తగిలి, రాలిపోయింది. అంతే. ఏడాదిపాటు పుల్లతో గోకిన మట్టి అది. రాలిపోతుంటే నేను నోటికొచ్చినట్టు తిట్టాను దాన్ని. బల్ల మీంచి పంటు మీదకి బండి ఎక్కించేటప్పుడు, పంటు నడిపే సరంగు, బండి నడపలేరేమో నేను తోస్తాను దిగండి మాస్టారమ్మా అన్నాడు. దిగలేదు. ఇంజను మీదే ఎక్కించాను. బడికి నేను చేరేసరికి పిల్లలింకా రాలేదు. తాళం తీసి, చీర కట్టుకుని, నల్లబల్ల తుడిచి కూర్చున్నాను. విద్యాధికారి మూడోసారి వచ్చినప్పుడు రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. ఆయన చుట్టూ చూసి, హాజరుపట్టీ చూసి, బయట బండి చూసి, ఎవరిదమ్మా అది అన్నారు. నాదండి అన్నాను. ఆడవాళ్ళు అంత ప్రమాదకరమైన వాహనాలు నడపడం మంచిది కాదన్నారు. చక్కగా వేళకి వచ్చారమ్మా అన్న ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు.

సరే, మూడో మెమో రాలేదు. ఇల్లు నిలిచింది. అమ్మ మళ్ళీ సాయంత్రం బండి చప్పుడు వినబడగానే కాఫీకి నీళ్ళు పడేయడం మొదలుపెట్టింది.

ఆ ఏడు తద్దినం ఆదివారం వచ్చింది. అన్నయ్య శనివారం సాయంత్రమే దిగాడు. వదినకి ఒంట్లో బాగాలేక రాలేదు. బస్సు దిగి వస్తూ సావిడి ముందు బండి చూసి ఆగిపోయాడు. చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, సెంటరు దాకా ఓ చుట్టు వేసి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. మా ఆఫీసులో ఇలాంటి పాత బండ్లంటే పడి చస్తారే అన్నాడు. నేను పొంగిపోయాను. నా చేతిపని మావాడికి నచ్చిందనుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు తద్దినం అయింది. అమ్మా, అత్తయ్యా కలిసి వండారు. భోక్తలు భోజనాలు చేసి, పురోహితుడుగారు దక్షిణ తీసుకుని వెళ్ళారు. మేం నలుగురం తిని లేచాం. అన్నయ్య తాంబూలం వేసుకుంటూ, సాయంత్రం బయల్దేరతానన్నాడు. బస్సుకనుకున్నాను. కాదు. నాన్నగారి బండి మీద. కాకినాడ పట్టుకెళ్ళి, ఆ కోతివేషం తీసేసి, మడ్‌గార్డులు మామూలుగా పెట్టించి, రంగేయించి, నాన్నగారి జ్ఞాపకంగా తన దగ్గర ఉంచుకుంటాడట. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకోడం అంటే ఇదే. పైగా ఆ మేడ వాటాలో బండి పెట్టుకునే చోటే లేదు. తా దూర కంత లేదు మెడకో డోలు.

మరి నేను బడికెలా వెళ్ళాలి అన్నాను. సైకిలుంది కదా అన్నాడు. లేకపోతే మానేయ్, నేను ముందే చెప్పానుగా, ఇల్లమ్మేద్దామని. అని సావిడిలోకి వెళ్ళి, కొయ్యకి ఉన్న చీర గార్డు తీసుకొచ్చి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టాడు. ఇది బిగించవే, మీ వదిన కూర్చోవాలి అన్నాడు. పానా కూడా తనే తెచ్చి ఇచ్చాడు. ఎన్నో నంబరు పానానో తెలియక మూడు తెచ్చాడు.

ఆ చువ్వల చట్రాన్ని ఎత్తి పెరట్లోకి విసిరేశాను. అది పోయి చిక్కుడు పాదులో పడింది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"దీనికి నువ్వొక్క నట్టు విప్పావా?"

"అరుస్తావేంటి? తద్దినం పెట్టేది నేను. నాన్నగారి వస్తువు నాది కాకపోతే ఇంకెవరిదే?"

నేను సావిడిలోకి పరిగెత్తి మూలనున్న గోనెసంచీ ఈడ్చుకొచ్చి వాడి కాళ్ళ దగ్గర గుమ్మరించాను. ఎర్రటి పొడి, రేకుల పెచ్చులు, ఎలకల గూడు.

"నాన్నగారిది ఇది. ఈ తుప్పు. కొడుకువి కదా, పట్టుకుపో. తక్కినదంతా నాది."

వాడి మడిపంచె అంచు ఎర్రబడింది. అత్తయ్య అరుగు మీంచి, పితృకార్యం నాడు ఇంటి మగవాడి ముందు తుప్పు పోస్తావా, ఆడపుట్టుకే పుట్టావా అని మొదలెట్టింది. ఇంకాసేపు ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. చేతిలో పానా ఉంది. కొడతాననే అనుకున్నాను.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. మా ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె, పసుపు గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. ఏమిటొదినా ఆ పని అని అత్తయ్య లేచి నిలబడింది. అమ్మ ఆగలేదు. వాకిట్లో చెంబులో నీళ్ళు దోసిట్లో వంచుకుని పసుపు కలిపింది. బండి టాంకుకి ఆ చివరినించి ఈ చివరిదాకా రాసింది. తరవాత భరిణె మూత తియ్యబోతే రాలేదు. బిగుసుకుపోయింది, అన్నేళ్ళు మరి. పమిటచెంగు వేసి గట్టిగా తిప్పి తీసింది. ఉంగరం వేలు ముంచి ఇంత బొట్టు పెట్టింది, రూపాయి బిళ్ళంత. అది కొంచెం పక్కకి జారింది. దాన్ని బొటనవేలితో సరిచేసింది.

"మీ నాన్నగారి బండి నీ చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చాను" అంది.

అన్నయ్య ఒకడుగు ముందుకేశాడు. "పెళ్ళి కానిదానికి పసుపు కుంకుమ ఏంటమ్మా? అయినా నువ్వు..." అని ఆగిపోయాడు.

"ఆగిపోయావేంరా? నేను? చెప్పు."

అమ్మ భరిణె పట్టుకుని వాడి ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడింది. వాడు నేలమీద తుప్పు వైపు చూశాడు. ఆఖరికి అత్తయ్యే కదిలింది. వాడు దన్ను కోసం ఆవిడ వైపు తిరిగితే, ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దురా. అది తప్పా ఒప్పా నాకు తెలీదు. మీ అమ్మ ఆ మాట అనేసింది. పసుపు కుంకుమ అన్నాక ఇంక నువ్వది ముట్టుకోకూడదు. మీ నాన్న నా కాయొకటి ముట్టాడా?" అంది. అని చెంగుతో కళ్ళు తుడుచుకుంది, అమ్మని చూసి భయపడో, తన అన్నగారు గుర్తొచ్చో.

అన్నయ్య సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. వెళ్తూ అమ్మకి దణ్ణం పెట్టాడు. నాతో మాట్లాడలేదు. తరవాత చాలా ఏళ్ళు మా ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. బండి సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంతకీ న్యాయం జరిగిందని నేను అనుకోవాలట, విన్నవాళ్ళు అదే అంటారు. ఏం న్యాయమండీ? నా చేతులు చీరుకుని నేను నిలబెట్టిన బండి నాది అనడానికి నా మాట చాలలేదు, నా పని చాలలేదు. మా అమ్మ తను ముట్టకూడదని నమ్మినదాన్ని నలుగురి ముందూ ముట్టుకోవలసి వచ్చింది. అప్పుడు గాని ఒక్కడి నోరు మూతపడలేదు. ఆ మంట అన్నయ్య మీదా, అత్తయ్య మీదా కాదు. ఎవరిమీదో చెప్పమంటే చెప్పలేను. ఉంది, అంతే.

అందరూ వెళ్ళాక ఇల్లంతా వెతికితే అమ్మ నూతి చుట్టూ కట్టిన పళ్ళెం దగ్గర కనబడింది. పక్కన అంట్లు, చింతపండు, కొబ్బరి పీచు పెట్టుకుని కూర్చుంది. తోమడంలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. ఉంగరం వేలి గోటిచుట్టూ కుంకుమ ఎర్రగా పట్టేసి ఉంది. గ్రీజు పోవడానికి నేను వాడే కిరసనాయిలు గుడ్డ తెచ్చి, ఇలా ఇవ్వమ్మా, ఒక్క నిమిషంలో పోతుంది అన్నాను.

అమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని చెంగు కింద దాచుకుంది.

"ఈ పూటకి ఉండనీవే" అంది.